ఎఫ్‌టీ232ఆర్ మెమరీ చదవడానికి ఏది మేలు: లినక్స్ కమాండా, విండోస్ ప్రోగ్రామా?

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఆక్సిజన్ సెన్సర్ ఉన్నట్టుండి మూగబోతే ముందు వైరునే అనుమానిస్తాం. సెన్సర్‌ను కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ-ఆర్‌ఎస్485 కేబుల్లో ఉన్నది ఎఫ్‌టీ232ఆర్ (యూఎస్‌బీని సీరియల్ సిగ్నళ్లుగా మార్చే చిప్) అయితే, దాని లోపలి ఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని చిన్న మెమరీ) కూడా చదివి చూడాలి. ఉన్నది 128 బైట్లే. కానీ చిప్ మీది సీబస్2 అనే పిన్ను ఏ పని చెయ్యాలో రాసి ఉండేది అందులోనే. ఫ్యాక్టరీ అమరికలో అది టీఎక్స్‌డెన్, అంటే డేటా పంపేటప్పుడు మాత్రమే లైనును పట్టుకునే సిగ్నల్. ఎవరైనా దాన్ని ఎల్‌ఈడీకి మార్చేస్తే, ఆ పిన్ను మీదే ఆధారపడ్డ కేబుల్ సెన్సర్‌తో మాట్లాడలేదు.

చదవడం వరకైతే లినక్స్‌లోని ఎఫ్‌టీడీఐ-ఈప్రామ్ కమాండే మేలు. బైట్లను ఉన్నవి ఉన్నట్టు ఫైల్లో పెడుతుంది. కాన్ఫిగ్ ఫైల్లో మూడు లైన్లు చాలు: వెండర్ ఐడీ హెక్స్ 0403, ప్రొడక్ట్ ఐడీ హెక్స్ 6001, దాచాల్సిన ఫైలు పేరు. సుడోతో (అడ్మిన్ హక్కులతో), రీడ్-ఈప్రామ్ ఆప్షన్ ఇచ్చి నడపాలి. అంతకుముందే సెన్సర్ రీడింగులు రాసుకునే లాగర్ ప్రోగ్రామ్ ఆపెయ్యాలి, ఎందుకంటే ఈ కమాండ్ ఆ కేబుల్‌ను నడిపే కెర్నల్ డ్రైవర్‌ను పక్కకు తప్పిస్తుంది, సీరియల్ పోర్టు మాయమవుతుంది. పని అయ్యాక కేబుల్ పీకి మళ్లీ పెడితే తిరిగొస్తుంది.

రెండుసార్లు రెండు ఫైళ్లలోకి చదివి సీఎంపీ కమాండ్‌తో పోల్చండి. తేడా వస్తే హబ్ తీసేసి నేరుగా గుచ్చండి, ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కిన ప్లగ్గును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. బైట్లను హెక్స్‌లో చూపించే ఎక్స్‌ఎక్స్‌డీ కమాండ్‌లో మూడో బైటు నుంచి 03 04 01 60 00 06 కనబడాలి (ఐడీల్లోని బైట్లు ఇక్కడ తిరగేసి ఉంటాయి). 01 60 చోట 00 00 ఉంటే అది నకిలీ చిప్ అయ్యే అవకాశం ఎక్కువ: 2014లో వచ్చిన విండోస్ డ్రైవర్ నకిలీల ప్రొడక్ట్ ఐడీని సున్నా చేసేది. అలాంటిదాన్ని చదవాలంటే డివైస్ ఆప్షన్‌లో ప్రొడక్ట్ ఐడీ 0000 అని ఇవ్వాలి.

విండోస్‌లోని ఎఫ్‌టీ-ప్రాగ్ అనే ప్రోగ్రామ్‌కు, చిప్ తయారీ కంపెనీ ఎఫ్‌టీడీఐ ఇచ్చే డీ2ఎక్స్‌ఎక్స్ డ్రైవర్ కావాలి. సీబస్ పిన్నుల పనులు మెనూలో పేర్లతో చూపిస్తుంది, టెంప్లేట్‌ను ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా దాస్తుంది. పది కేబుళ్లకు ఒకే అమరిక రాయాలంటే ఇదే హాయి.

లినక్స్‌లో రాసేటప్పుడు మాత్రం ఆ మూడు లైన్ల కాన్ఫిగ్‌తో ఫ్లాష్-ఈప్రామ్ (మెమరీలోకి రాసే ఆప్షన్) కొట్టొద్దు. దాచిన ఫైలును వదిలేసి, కాన్ఫిగ్‌లోంచి కొత్త ఇమేజ్ తయారుచేసి రాసేస్తుంది. మీరివ్వని సెట్టింగులు డిఫాల్ట్‌లోకి పోతాయి. దాచిన 128 బైట్లే తిరిగి వెళ్లాలంటే కాన్ఫిగ్‌లో ఫ్లాష్-రా అన్న సెట్టింగును ట్రూ చెయ్యాలి.