వైరు జాయింటుకు ఏది మేలు: స్క్రూ కనెక్టరా, లీవరా, క్రింపింగా?

"గీజరు వైరు జాయింటు కాలి నల్లబడింది. ఈసారి ఏది వేయిస్తే మంచిది?" ఈ ప్రశ్న నాకు రకరకాల రూపాల్లో వస్తూనే ఉంటుంది. ఒకరిది గీజరు, ఇంకొకరిది ఏసీ, మరొకరిది మోటారు. కాలిన కనెక్టరు ఫొటో పంపి, "దీని మీద 30 ఆంప్స్ అని రాసి ఉంది, మా లోడు 10 ఆంప్స్ కూడా లేదు, మరి ఎందుకు కాలింది?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

ముందు ఆ ఆంప్స్ సంగతి. కనెక్టరు మీది అంకె అది సరిగ్గా బిగిసి ఉన్నప్పటి మాట. రెండు లోహపు ముక్కలు ఒకదానికొకటి పూర్తిగా ఆనుకున్నట్టే కంటికి కనిపిస్తాయి గానీ, నిజానికి అవి తగిలేది కంటికి ఆనని కొన్ని బుడిపెల దగ్గరే. కరెంటంతా ఆ కాసిని చోట్ల నుంచే పోవాలి. గట్టిగా నొక్కి ఉంటే ఆ తగిలే చోట్లు పెరుగుతాయి, పట్టు సడలితే తగ్గుతాయి. అలా సడలిన జాయింటులో నిరోధం 0.1 ఓముకు చేరిందనుకోండి. 10 ఆంప్స్ పోతుంటే అక్కడ 10 వాట్ల వేడి పుడుతుంది. 16 ఆంప్స్ అయితే 25 వాట్లు దాటుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 25 వాట్లంటే ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్. దాన్ని ఆన్ చేసి, గోడలోని ప్లాస్టిక్ పెట్టెలో పడేసి, మూత బిగించినట్టే.

మరి ఎం.సి.బి. ఏం చేస్తోంది? ఏమీ చేయదు, చేయలేదు. 230 వోల్టుల మీద 2,000 వాట్ల గీజరు తీసుకునేది సుమారు 8.7 ఆంప్స్. దాని హీటరు నిరోధమే 26 ఓములకు పైన ఉంటుంది. దానికి జాయింటు దగ్గర ఇంకో 0.1 ఓము కలిస్తే కరెంటు పెరగదు, పిసరంత తగ్గుతుంది. ఎం.సి.బి. చూసేది ఎక్కువైన కరెంటును. ఆర్.సి.సి.బి. చూసేది ఫేజులో వెళ్లినదీ న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదీ సమానమా కాదా అని. ఇక్కడ రెండూ సమానమే. స్పార్కును పసిగట్టే ఆర్క్ ఫాల్ట్ పరికరాలు వచ్చాయి, కానీ స్పార్క్ లేకుండా ఎర్రగా కాగే జాయింటును అవి కూడా పట్టుకుంటాయన్న భరోసా లేదు. అంటే ఓవర్‌లోడుకు, షార్టుకు, లీకేజీకి కాపలా ఉంది గానీ లూజ్ కనెక్షనుకు లేదు. అందుకే జాయింటు ఎలా వేశామన్నదానికి అంత విలువ.

లూజు జాయింటు తనంతట తాను బాగుపడదు కూడా. వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొరతో నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. బాగా ముదిరితే ఆ ఆక్సైడే నిప్పుకణికలా వెలుగుతూ ఆ ఒక్క చోట 1,000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. దీనికి పెద్ద లోడు అక్కర్లేదు, కొద్ది ఆంప్స్ చాలు. మనం వాడే మామూలు పీవీసీ ఇన్సులేషన్ తట్టుకోగలిగేది 70 డిగ్రీలే.

కాబట్టి నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: వేసిన రోజున్న నొక్కుడు పదేళ్ల తర్వాత కూడా ఉంటుందా? మొదటి రోజు అన్ని జాయింట్లూ బాగానే పనిచేస్తాయి. ధర, సైజు, వేయడంలో సులువు నా లెక్కలో దీని తర్వాతే.

ఈ కొలబద్ద ముందు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి అసలు నిలబడదు. అక్కడ నొక్కుడు రాగి తీగల మెలికలోంచే రావాలి. వేడెక్కి చల్లారే కొద్దీ అది వదులవుతుంది, టేపు జిగురు కరిగి జారుతుంది. చిన్న ఎల్.ఈ.డి. బల్బుకు కొంతకాలం నడుస్తుందేమో గానీ, గీజరుకు వద్దు. ఉత్తర అమెరికాలో ఇళ్లన్నిటా కనిపించే తిప్పే టోపీలు, అంటే వైర్ నట్లు, దీనికంటే చాలా మెరుగు. లోపల తీగచుట్ట స్ప్రింగు ఉంటుంది, ఒంటితీగ వైర్లను అలవాటున్న చెయ్యి బిగిస్తే గట్టిగానే పడుతుంది. సన్నపోగుల వైరునూ లావు తీగనూ కలిపి తిప్పితే మాత్రం ఒకటి జారిపోతుంది. సోల్డరింగ్ విషయానికి వస్తే, కరెంటు పారడానికి బాగుంటుంది, బలానికి మాత్రం దాన్ని నమ్మకూడదు. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి: పోగులు విడిపోకుండా కొనలకు సోల్డర్ పోసి, వాటిని స్క్రూ కింద బిగించవద్దు. సోల్డర్ మెత్తని లోహం, ఒత్తిడి కింద నెమ్మదిగా పక్కకు జరిగిపోతుంది. నీటుగా కనిపించిన ఆ పనే కొన్నాళ్లకు లూజవుతుంది.

అసలు పోటీ మిగిలిన మూడింటి మధ్యే: స్క్రూ కనెక్టరు, చిన్న మీట దించి తీగను పట్టించే లీవరు కనెక్టరు, తీగను లోహపు గొట్టంలో దూర్చి గొట్టాన్నే నొక్కేసే క్రింపింగ్.

స్క్రూ కనెక్టరు, అదే ప్లాస్టిక్ పట్టీలో ఇత్తడి గొట్టాలు, ఒక్కో వైపు ఒక్కో స్క్రూ ఉండేది, అందరికీ తెలిసినదే. దొరకడం తేలిక, మళ్లీ విప్పుకోవచ్చు, పరికరం కావాలంటే స్క్రూడ్రైవరు చాలు. సరిగ్గా బిగిస్తే మొదటి రోజు దీని పట్టు ఏ లీవరుకూ తీసిపోదు. చిక్కు తర్వాత మొదలవుతుంది. రాగి ఒత్తిడి కింద కాలక్రమేణా కొంచెం కొంచెంగా అణుగుతుంది. పైగా లోడు నడిచినప్పుడల్లా వేడికి వ్యాకోచించి, ఆపాక చల్లబడి మళ్లీ సంకోచిస్తుంది. తీగ వెంట్రుకవాసి అణిగినా స్క్రూ దాన్ని వెంబడించి కిందికి దిగదు, ఉన్నచోటే ఉంటుంది. నొక్కుడు అలా పోతుంది. రోజుకు రెండుసార్లు కాగి చల్లారే గీజరు దగ్గరా, గంటల తరబడి నడిచే ఏసీ దగ్గరా ఇవే ముందు కాలడానికి ఒక ముఖ్య కారణం ఇది.

దీనికి తోడు పోగుల వైర్ల గొడవ ఒకటి ఉంది. చౌక రకాల్లో స్క్రూ మొన నేరుగా తీగ మీదే తిరుగుతుంది. తిరుగుతూ సన్న పోగులను పక్కలకు తోసేస్తుంది, కొన్నింటిని తెంపేస్తుంది. ముప్పై పోగుల్లో పది మాత్రమే బరువు మోస్తుంటే బయటి నుంచి ఎవరికీ తెలియదు. పోగుల కొనకు ఫెరూల్, అంటే చిన్న లోహపు తొడుగు, తొడిగి నొక్కితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. స్క్రూకూ తీగకూ మధ్య పలక ఉండే రకం కొనడం కూడా మంచిదే. ఇక బిగింపు ఎంత? తయారీదారు న్యూటన్ మీటర్లలో ఒక లెక్క ఇస్తాడు. ఆ లెక్కకు టార్క్ స్క్రూడ్రైవరు వాడే చేతులు మాత్రం అరుదు. తక్కువ బిగిస్తే లూజు, మరీ బిగిస్తే మర చెడుతుంది లేదా పోగులు తెగుతాయి.

స్క్రూ జాయింటును నిబంధనలే ఎలా చూస్తాయో గమనించండి. బ్రిటన్ వైరింగ్ ప్రమాణం బి.ఎస్. 7671 ప్రకారం జాయింట్లు తనిఖీకి అందేలా ఉండాలి. క్రింప్ చేసినవాటికి, సోల్డర్ చేసినవాటికి, 'మెయింటెనెన్స్ ఫ్రీ' అని ధ్రువీకరణ పొందినవాటికి మినహాయింపు ఉంది. మామూలు స్క్రూ టెర్మినల్‌కు లేదు. అంటే దాన్ని ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ బిగించాల్సి వస్తుందని ముందే ఒప్పుకున్నట్టు. ఫాల్స్ సీలింగు పైన వేసి మూసేసిన స్క్రూ కనెక్టరును మళ్లీ చూసేదెవరు?

లీవరు కనెక్టరులో ఇదే ప్రశ్నకు జవాబుంది. లోపల స్టీలు స్ప్రింగు తీగను రాగి పట్టీకేసి నొక్కిపెడుతుంది. తీగ అణిగితే స్ప్రింగు కూడా దానితో పాటు ముందుకు వస్తుంది. నొక్కుడు బిగించినవాడి మణికట్టు మీద ఆధారపడదు. స్ప్రింగు టెర్మినళ్లు కొత్తవేమీ కాదు. జర్మనీకి చెందిన వాగో సంస్థ తన కేజ్ క్లాంప్ స్ప్రింగును 1977లోనే తెచ్చింది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే 221 రకంలో ప్రతి తీగకూ విడి లీవరు, విడి స్ప్రింగు ఉంటాయి. కాబట్టి ఒంటితీగనూ పోగులవైరునూ, సన్నదాన్నీ లావుదాన్నీ పక్కపక్కనే పెట్టొచ్చు. ఒకటి మరొకదాని పట్టును చెడగొట్టదు.

నాకు ఇంకా నచ్చేది, తప్పు కంటికి కనబడటం. ఒళ్లు పారదర్శకం, తీగ చివరిదాకా వెళ్లిందో లేదో చూడొచ్చు. ఎంత ఒలవాలో కొలత దాని మీదే ఉంటుంది: 4 చదరపు మిల్లీమీటర్ల రకానికి 11 మిల్లీమీటర్లు. లీవరు పూర్తిగా పడకపోతే లేచి కనిపిస్తుంది. చివర్లో ప్రతి తీగనూ విడిగా ఒకసారి లాగి చూడండి, అంతే.

లోపాలూ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. చోటు ఎక్కువ తీసుకుంటుంది, ఇరుకు స్విచ్‌బోర్డు పెట్టెలో నాలుగు పెడితే మూత పడదు. దాని మీద రాసి ఉండే 32 ఆంప్స్ 4 చదరపు మిల్లీమీటర్ల వైరుతో ఉన్నప్పటి మాట, 1.5 వైరు పెట్టి అంత కరెంటు ఆశించకూడదు. అన్నిటికంటే పెద్ద లోపం నకళ్లు. చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి, స్ప్రింగు మాత్రం పలచన, మీద రాతలో 32 ఆంప్స్ ఏమాత్రం తగ్గదు. వీ.డీ.ఈ., ఎనెక్ లాంటి ధ్రువీకరణ గుర్తులు లేని లీవరుకంటే, ఫెరూల్ తొడిగి బిగించిన మంచి స్క్రూ కనెక్టరే నయం. లీవరు లేకుండా తీగను తోసేసే పుష్ ఇన్ రకం ఒంటితీగలకు బాగానే ఉంటుంది. పోగుల వైరు అందులోకి సరిగా దిగదు.

క్రింపింగ్ గురించి చెప్పాలంటే, సరిగ్గా చేస్తే దీన్ని మించినది లేదు. గొట్టంలోని పోగులన్నీ నలిగి ఒకటై, మధ్యలో గాలి చొరబడే సందు మిగలదు. గాలి లేకపోతే ఆక్సైడూ ఉండదు. 10 చదరపు మిల్లీమీటర్లు, ఆపై కేబుళ్లకూ, అదిరే మోటారు టెర్మినళ్లకూ లగ్, అంటే కొనకు తొడిగే కన్నమున్న లోహపు ముక్క, క్రింప్ చేసి నట్టు బిగించడమే దారి, అక్కడ లీవరు మాట ఎత్తను. అల్యూమినియం వైర్ల దగ్గరా ఇదే ముందు. 1972కు ముందు తయారైన అల్యూమినియం తీగతో వైరింగ్ చేసిన ఇళ్లలో కనెక్షన్లు అగ్నిప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి ఇళ్లకంటే 55 రెట్లు ఎక్కువని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెప్పింది. మరమ్మతుకు సిఫారసు చేసిన వాటిలో ఒకటి, శిక్షణ పొందినవాళ్లు ప్రత్యేక పరికరంతో చేసే క్రింపింగ్.

మరి దీనికే ఎందుకు ఓటు వేయను? "సరిగ్గా చేస్తే" అన్న మాట దగ్గరే నా భయం. ప్లయరుతో చదునుగా నొక్కిన లగ్గూ, పూర్తిగా నొక్కేదాకా వదలని సరైన రాట్చెట్ టూలుతో నొక్కిన లగ్గూ పైకి దాదాపు ఒకేలా ఉంటాయి. ఎరుపు 0.5 నుంచి 1.5 వరకు, నీలం 1.5 నుంచి 2.5 వరకు, పసుపు 4 నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వరకు అని రంగులు ఉన్నా, చేతికి దొరికిన రంగే వేసేవాళ్లకు కొదవ లేదు. ఫ్యాక్టరీ పని కూడా దీనికి అతీతం కాదు. 2017 జూన్ 14న లండన్‌లో 72 మంది ప్రాణాలు తీసిన గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం ఒక ఫ్లాటులోని ఫ్రిజ్ దగ్గర మొదలైంది. అంత పెద్ద భవనమంతా మంటలు పాకడానికి గోడలకు తొడిగిన క్లాడింగ్ కారణం, అది వేరే కథ. ఫ్రిజ్‌లో మంట ఎలా పుట్టిందన్నదానికి, కంప్రెసరు రిలే దగ్గర సరిగా క్రింప్ కాని వైరు కనెక్టరు వేడెక్కి ఉంటుందని విచారణలో ఒక నిపుణుడు అభిప్రాయపడ్డారు. ఫ్రిజ్ తయారీ సంస్థ దాన్ని ఒప్పుకోలేదు.

కాబట్టి ఇంట్లో 4 చదరపు మిల్లీమీటర్ల వరకు రాగి వైర్లకు, గీజరైనా ఏసీ అయినా, నా ఎంపిక అసలైన లీవరు కనెక్టరు. అంతకంటే లావు కేబుళ్లకు, మోటార్లకు టూలున్న ఎలక్ట్రీషియను చేత క్రింపింగ్. మళ్లీ తెరిచి చూడగలిగే చోట, ఫెరూల్ తొడిగితే స్క్రూ కనెక్టరుకూ అభ్యంతరం లేదు. త్రీ ఫేజ్ ఉన్నవాళ్లు న్యూట్రల్ జాయింటు మీద మరింత శ్రద్ధ పెట్టాలి. అది ఊడితే కాలేది జాయింటు ఒక్కటే కాదు, తక్కువ లోడున్న ఫేజు వోల్టేజీ 230 నుంచి 400 వైపు ఎగబాకి టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి.

ఒకసారి కాలిన చోట ఏది వేసినా, ఆ నల్లబడిన కొన మీదే వేస్తే ఫలితం ఉండదు. మెయిన్ ఆపించి, మెరిసే రాగి, మెత్తని ఇన్సులేషన్ వచ్చేదాకా వైరు కత్తిరించాలి. పెళుసుబారిన తొడుగు ఎంత దూరం ఉంటే అంత దూరం. కాలిన కనెక్టరును గీకి, బిగించి మళ్లీ వాడొద్దు. స్క్రూదైతే ఇత్తడి మీద ఆక్సైడ్ ఉంటుంది, లీవరుదైతే వేడికి స్ప్రింగు బిగువు పోయి ఉంటుంది. కత్తిరించాక వైరు పొట్టిదైపోతే లాగి సాగదీయకుండా అదే సైజు ముక్క ఒకటి కలపాలి. అప్పుడు ఒక జాయింటు కాస్తా రెండవుతాయి. అందుకే రెండు కనెక్టర్లు తెచ్చుకోండి.