హార్బర్ వెనక బ్లాడర్ల కొట్టు

కచిడి చేప పడితే లక్షలు పలికిందని పేపర్లో వేస్తారు. ఆ రేటు మాంసానికి కాదు, కడుపులో ఉండే బ్లాడర్‌కి. ఎండబెట్టిన ఆ గాలితిత్తి హాంకాంగ్, చైనా వైపు వెళ్తుంది. అక్కడ పెద్ద విందుల్లో సూప్‌లో వేసి వడ్డిస్తారు. కచిడిలో కూడా మగదాని తిత్తి మందంగా ఉంటుంది, దానికే గిరాకీ. మాలాంటి చిన్న బోట్ల వాళ్లకి కచిడి ఎప్పుడో గాని తగలదు. మాకు వచ్చేవి పాము చేపలు, జెల్లలు. వాటి బ్లాడర్లూ అమ్ముడుపోతాయి, కాకపోతే తీయడం, ఆరబెట్టడం, దాచడం అన్నీ కుదరాలి. విశాఖ ఫిషింగ్ హార్బర్ వెనక సందులో ఆ పని చేసిపెట్టే కొట్టు ఒకటుంది. పెద జాలరిపేట నుంచి మా సరుకు అక్కడికే పట్టుకెళ్తాం.

పచ్చివి తూచి అప్పటికప్పుడు డబ్బిచ్చేస్తారు, లేదంటే కమీషన్ తీసుకుని ఆరబెట్టి అమ్మిపెడతారు. నా మాట వింటే రెండోదే మేలు. వాళ్ల పనితనం చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

బ్లాడర్లు వొలిచే అప్ప ఒకామె ఉంది. తిత్తిని చల్లటి నీళ్లలో ముంచి, బొటనవేలి గోరుతో అంచు లేపి, పైనున్న పల్చటి పొరని నరాలతో సహా మెల్లగా లాగేస్తుంది. తర్వాత వెన్నెముక తగిలిన వైపు వేలితో రుద్ది రుద్ది కడుగుతుంది. "ఇక్కడే రత్తం దాక్కుంటాదమ్మా. చుక్క ఉండిపోతే ఎండాక నల్ల మచ్చ అవుతాది, రేటు పడిపోతాది" అని నాకు చూపించింది. చేపని కోసేటప్పుడు కత్తి మొన లోపలికి దిగనివ్వకుండా, తిత్తికి చిల్లు పడకుండా ఎలా తీయాలో మా ఆయనకి కూడా ఆమే నేర్పింది.

ఆరబెట్టడం మీద వాళ్ల శ్రద్ధ నాకు బాగా నచ్చింది. డాబా మీద నడి ఎండలో పరిస్తే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది. మన వైజాగ్ ఉక్కకి అలాంటిది ఊరికే బూజు పడుతుంది. వీళ్లు ఫ్రేములకి నైలాన్ వల బిగించి, నీడలో ఫ్యాన్ గాలికి ఆరేస్తారు, రోజూ తిరగేస్తారు. పూర్తిగా ఆరిన తిత్తిని ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకుంటే లేత తేనె రంగులో వెలుతురు ఇవతలికి కనిపిస్తుంది. బల్ల మీద కొడితే టక్కుమంటుంది. మెత్తగా వంగితే మళ్లీ వల మీదకే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, కొత్త సరుకు ఉండదు. అంతకుముందు ఎండిన మా సరుకు కొంత వాళ్ల దగ్గరే ఉంచాం. గట్టి మూతల ప్లాస్టిక్ డ్రమ్ముల్లో, తేమ పీల్చే పొట్లాలు వేసి దాచారు. మధ్యలో ఒకసారి మూత తీసి పురుగు పట్టిందేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూడటం నేనున్నప్పుడే జరిగింది. తీసుకునే రోజున బూజు లేదు, ముక్కిన వాసన లేదు.

ఇదివరకు మేమిచ్చిన వ్యాపారి చిన్నవీ పెద్దవీ కలిపి గంపగుత్తగా లెక్క కట్టేవాడు. అడిగితే విసుక్కునేవాడు. ఇక్కడ మన ఎదురుగానే సైజుల వారీగా వేరు చేసి, ఏది ఎందుకు తక్కువ గ్రేడో చేతికిచ్చి చెబుతారు. ఆడవాళ్లం వెళ్లినా అదే మర్యాద.

లోటు ఒకటుంది. కమీషన్ సరుకు డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఎగుమతిదారు దగ్గర నుంచి వచ్చాకే ఇస్తామంటారు, డీజిల్ అప్పు ఉన్నవాళ్లకి అది టెన్షనే. కొంత అడ్వాన్స్ ఇస్తే బాగుంటుందని ఓనర్‌కి చెప్పాను, ఇంకా ఏమీ తేల్చలేదు. రసీదు కూడా అడిగితేనే రాస్తారు, కాబట్టి అడగండి.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. బ్లాడర్లని శుభ్రమైన కవర్లో వేసి, ఆ కవర్‌ని ఐసులో పెట్టి తీసుకెళ్లండి. చేపల పేగులతో కలిపి తెస్తే వాళ్లు తీసుకోరు.