ఫిగర్ ఎయిటా, బౌలైనా? హార్నెస్‌కి ఏ ముడి మేలు

భువనగిరి బండ మీద రాక్ క్లైంబింగ్ బేసిక్ కోర్సు చేసొచ్చిన వాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, అక్కడేమో ఫిగర్ ఎయిట్ నేర్పారు, వీడియోల్లో పెద్ద పెద్ద క్లైంబర్లు బౌలైన్ కడుతున్నారు, మరి హార్నెస్‌కి (నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీలకి) తాడు కట్టడానికి మనం ఏ ముడి వేయాలి అని.

నేను రెండూ కట్టాను. బౌలైన్‌తో సుఖం ఉన్నమాట నిజమే. లీడ్‌లో (తాడు పైనుంచి కాకుండా మనతోపాటే కిందనుంచి తీసుకెళ్తూ ఎక్కడం) ఒకే చోట నాలుగైదుసార్లు పడ్డాక ఫిగర్ ఎయిట్ రాయిలా బిగుసుకుపోతుంది, చేతులు బిర్రెక్కిపోయి పిడికిలి కూడా పట్టని టైంలో దాన్ని విప్పాలంటే ఏడుపొస్తుంది (పుల్ల విరిచినట్టు ముడిని అటూ ఇటూ వంచండి, కాస్త వదులవుతుంది). బౌలైన్‌ని ఎంత బరువు పడ్డాకైనా ఇట్టే విప్పుకోవచ్చు. కానీ ఇబ్బందీ అక్కడే, బరువు లేనప్పుడు, ముఖ్యంగా బిరుసుగా ఉండే కొత్త తాడులో, కదిలీ కదిలీ దానంతటదే సడలుతుంది, అందుకే కొసని తిప్పి ముడిలోకే దూర్చే యోసెమిటీ ఫినిషో, కొసతో విడిగా వేసే స్టాపర్ ముడో ఉండి తీరాలి. డబుల్ బౌలైన్ ఇంకొంచెం నయం.

నాకు మాత్రం అసలు లెక్క వేరే. ముడి కట్టేది నేను, చెక్ చేయాల్సింది కింద నా తాడు పట్టుకునే బిలేయర్. ఫిగర్ ఎయిట్‌లో తాళ్లు రెండేసి పక్కపక్కనే నడుస్తాయి, ఐదు జతలు లెక్కపెడితే అయిపోయింది. మొన్న మా తమ్ముడు కట్టుకున్నదాంట్లో నాలుగే కనిపించాయి, కొసని చివరి మెలికలోకి దూర్చలేదు, "ఒరేయ్ ఆగు" అని అక్కడే ఆపేశా. అదే బౌలైన్ అయితే, అది కట్టడం రానివాళ్లకి తప్పు ముడి కూడా సరైనదానిలాగే కనిపిస్తుంది.

అనుభవం ఉంటే మర్చిపోంలే అనుకోకండి. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్‌లో అమెరికన్ క్లైంబర్ లిన్ హిల్ అంతటావిడ తాడుని హార్నెస్‌లోకి దూర్చి, ముడి పూర్తిచేయడం మర్చిపోయి పైదాకా ఎక్కేసింది, దిగడానికి వెనక్కి వాలగానే ఇరవై మీటర్లకి పైగా పడిపోయింది, చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికింది. 1993లో అమెరికాలోని ఎల్ క్యాపిటన్ అనే నిలువు కొండ మీద నోస్ రూట్‌ని ఫ్రీగా (తాడు పట్టుకుని లాక్కోకుండా, చేతులూ కాళ్లతోనే) ఎక్కిందీ ఆవిడే.

ముడిని హార్నెస్‌కి నేరుగా కట్టకుండా కారాబైనర్‌తో (గేటు ఉండే లోహపు కొక్కెం) క్లిప్ చేసుకోవడం జిమ్‌లో టాప్ రోప్‌కి (తాడు ముందే పైన వేసి ఉండేది) సరే, లీడ్‌కి వద్దు.

నేనైతే ఫిగర్ ఎయిటే కడుతున్నా, హార్నెస్ మీద తాడు కట్టుకునే రెండు టై-ఇన్ పాయింట్లలోంచీ తాడు దూర్చి, కొస ఒక జానెడు వదిలి. బౌలైనే కావాలంటే ముందు మీ బిలేయర్‌కి అది కట్టడం నేర్పండి.