కచ్ తీరమా, నమీబ్ తీరమా: పక్షుల కోసం ఎటు వెళ్లాలి?

ఉప్పలపాడు చెరువు గట్టున గూడబాతులను చూస్తూ పెరిగిన గుంటూరువాళ్లకు, మంచినీటి జాడలేని సముద్రతీరంలో పక్షులను వెతకడం మొదట వింతగానే ఉంటుంది. అటువంటి యాత్రకు నా మనసులో రెండు చోట్లున్నాయి: గుజరాత్‌లోని కచ్, ఆఫ్రికా నైరుతి తీరంలోని నమీబ్ ఎడారి.

కచ్‌కు విజయవాడ నుంచి అహ్మదాబాద్ మీదుగా రైళ్లలోనే భుజ్ వరకు వెళ్లవచ్చు. చలికాలంలో అక్కడి ముళ్లపొదల నడుమ గ్రే హైపోకోలియస్ అనే వలస పిట్ట, మాండవి వైపు ఇసుక తీరంలో పీతలను తినే క్రాబ్ ప్లవర్ కనిపిస్తాయి.

నమీబ్ తీరు వేరు. చల్లని బెంగ్వేలా ప్రవాహం వల్ల అక్కడ వాన చాలా అరుదు గాని, సముద్రం మీది పొగమంచు ఎడారిలోకి పాకి జీవులకు తేమనిస్తుంది. డ్యూన్ లార్క్ నమీబియాలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు; ఎర్ర ఇసుక రంగునే ఒంటికి పూసుకున్నట్టుండే ఆ పిట్ట గింజలను, పురుగులను తింటూ, వాటిలోని తేమతోనే బతకగలదు. వాల్విస్ బే ఉప్పునీటి మడుగులోనైతే వేల రాజహంసలు మేస్తాయి (మనం పులికాట్‌లో చూసే పెద్ద జాతితో పాటు చిన్న జాతి కూడా).

అయినా తొలి యాత్రకు నేను కచ్‌నే ఎంచుకుంటాను. ఖర్చు తక్కువన్నది ఒక కారణం. ఒకప్పుడు మన రోళ్లపాడుకు పేరు తెచ్చిన బట్టమేక పిట్ట కచ్‌లోనూ వేళ్ల మీద లెక్కించదగినన్నే మిగిలినందున, ఆ గడ్డినేలలను ఆలస్యం చేయకుండా చూడాలన్న తపన అంతకంటే పెద్ద కారణం.