రోజంతా దేవుడు గుర్తుండాలంటే మెసేజ్‌లు వినడమా, మనమే వాక్యం చదువుకోవడమా: ఏది మేలు?

కొన్నేళ్ల క్రితం నేను రోజుకు మూడు నాలుగు మెసేజ్‌లు, అంటే వాక్య ప్రసంగాలు, వినేవాణ్ణి. పొద్దున తయారవుతూ ఒకటి, ప్రయాణంలో ఒకటి, రాత్రి పడుకునే ముందు ఇంకొకటి. చెవిలో వాక్యం మోగుతూనే ఉంది కదా, దేవునికి దగ్గరగానే ఉన్నాననుకునేవాణ్ణి. ఒకరోజు రాత్రి మా అమ్మ మామూలుగా అడిగింది: "ఇవాళ ఏం విన్నావు నాన్నా?" చెప్పినాయన గొంతు గుర్తుంది, ఆయన చెప్పిన కథ సగం గుర్తుంది. ఏ వచనం మీద చెప్పారో మాత్రం ఎంత ఆలోచించినా రాలేదు. ఆ రోజు మొత్తంలో దేవునితో నేను ఒక్క మాటైనా మాట్లాడలేదని కూడా అప్పుడే తట్టింది.

అలాగని వినడాన్ని తక్కువ చేయలేం. "వినుట వలన విశ్వాసము కలుగును, వినుట క్రీస్తును గూర్చిన మాటవలన కలుగును" అని రోమా 10:17 చెప్తోంది. మొదటి శతాబ్దపు విశ్వాసుల్లో చాలామందికి సొంత గ్రంథం అంటూ లేదు. కొలొస్సయులకు రాసిన పత్రికను సంఘంలో చదివి వినిపించి, తర్వాత లవొదికయ సంఘంలో కూడా చదివించమని పౌలు చెప్పాడు. ప్రకటన 1:3 చూడండి: "చదువువాడును" అని ఒక్కణ్ణి, విని "గైకొనువారును" అని పదిమందిని కలిపి ధన్యులని ఉంది. చదివేవాడు ఒకడు, వినేవాళ్లు ఎందరో. గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో బైబిల్ అచ్చువేసిన తర్వాత కూడా, ఇంటికో బైబిల్ రావడానికి చాలా కాలం పట్టింది. అంటే సంఘ చరిత్రలో ఎక్కువ భాగం, ఎక్కువమంది, చెవులతోనే వాక్యాన్ని అందుకున్నారు.

వినడంలో ఇంకో మేలు ఉంది, అది నా అనుభవంలోదే. ఉద్యోగం లేక టెన్షన్ పడుతున్న రోజుల్లో యిర్మీయా 29:11 ని నాకు దేవుడిచ్చిన వాగ్దానంగా పట్టుకున్నాను. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట చూసి, ఈ నెలలోనే పని దొరుకుతుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. నెల గడిచింది, రెండో నెలా గడిచింది. దేవుడు మాట తప్పాడన్నంత బాధ. అప్పుడు ఒక ఆదివారం మా పాస్టర్‌గారు ఆ అధ్యాయం మొత్తం తీసి చెప్పారు. ఆ మాటలు బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరంలోవి. దానికి ముందు వచనంలోనే డెబ్బై సంవత్సరాలు అని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఆ పైన ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లడం చూడకుండానే చనిపోయి ఉంటారు. అయినా దేవుని ఉద్దేశం మంచిదే. ఎన్నిసార్లు చదివినా నాకు కనబడని పదో వచనం, వేరొకరు వేలు పెట్టి చూపిస్తే కనబడింది. ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ ఫిలిప్పుతో అన్న మాట కూడా అదే కదా, "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను" అని.

మరి నా మూడు నాలుగు మెసేజ్‌లు నాకెందుకు ఒంటబట్టలేదు? చెప్పేవాళ్ల లోపం కాదు. ప్రసంగం చెప్పేవాళ్ల వేగంతో నడుస్తుంది. ఒక మాట గుండెకు తగిలేలోపే తర్వాతి మాట వచ్చేస్తుంది. తగిలినచోట ఆగి "ప్రభువా, ఇది నా గురించే కదా" అనడానికి సందు దొరకదు. దానికితోడు చేతిలో వేరే పని. ఇంకో సంగతి కాస్త కఠినంగానే చెప్పాలి. ఫోన్లో ఏది వినాలో ఎంచుకునేది మనమే. నన్ను ఓదార్చేవి వింటాను, నన్ను గద్దించేదాన్ని పదో నిమిషంలో మార్చేస్తాను. మనుషులు తమకు నచ్చిన బోధకులను పోగుచేసుకునే కాలం వస్తుందని పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయంలో హెచ్చరించాడు. ఆ మాట మొదట నా ప్లేలిస్ట్‌కే తగులుతుంది.

ఇక సొంతంగా చదువుకోవడం. మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అని ఉంది. ధ్యానం అనగానే కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడమే అనుకునేవాణ్ణి. అక్కడున్న హీబ్రూ మాట హాగా. లోగొంతుకతో గొణుక్కోవడం, పైకి మెల్లగా పలుక్కోవడం అని దాని అర్థం. యెషయా 31:4 లో వేట దొరికిన సింహం దానిమీద నిలబడి గుర్రుమనడానికీ, 38:14 లో పావురం మూలగడానికీ ఇదే మాట వాడారు. అంటే వాక్యాన్ని నోట్లో పెట్టుకుని వదలకుండా ఉండటం. యెహోషువకు దేవుడిచ్చిన ఆజ్ఞలో కూడా, హీబ్రూ మూలంలో, ధర్మశాస్త్రం నీ నోటినుండి తొలగిపోకూడదనే ఉంది. ఇది వేరొకరు మన తరఫున చేసిపెట్టగలిగేది కాదు. ఎంత గొప్ప ప్రసంగీకుడైనా తన నోటితో తాను పలుకుతాడు, మన నోటితో మనమే పలకాలి.

బ్రిస్టల్‌లో అనాథ పిల్లలను సాకిన జార్జ్ ముల్లర్ 1841 లో తన పొద్దుటి అలవాటు మార్చుకున్నాడు. అంతకుముందు లేచి తయారవగానే ప్రార్థన మొదలుపెట్టేవాడు. చాలాసార్లు పది నిమిషాలు, పావుగంట, ఒక్కోసారి అరగంట మనసు ఎటో తిరిగాకే ప్రార్థన కుదిరేదట. తర్వాత ముందు కొత్త నిబంధన తెరిచి ఒక్కో వచనం దగ్గర ఆగుతూ చదవడం మొదలుపెట్టాడు. చదువుతుండగానే ఒప్పుకోలో, స్తుతో, విజ్ఞాపనో దానంతటదే పుట్టుకొచ్చేది. నేను పాటించి చూశాను. నిజంగానే ప్రార్థనకు మాటల కరువు తీరింది.

చదవడంలోనూ ఒక ఉచ్చు ఉంది, లెక్క. బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు చదివితే ఏడాదిలో పూర్తవుతుంది. మంచి క్రమమే, ఒక్కసారైనా అలా చదవాలి, లేకపోతే నాకు యిర్మీయా విషయంలో జరిగిందే జరుగుతుంది. కానీ దేవుణ్ణి రోజంతా మనసులో ఉంచుకోవడానికి మాత్రం ఆ వేగం నాకు పనికిరాలేదు. నాలుగు అధ్యాయాలు చదివి టిక్కు పెట్టిన రోజు కన్నా, నాలుగు వచనాలు నమిలిన రోజే మధ్యాహ్నానికి ఏదో ఒకటి మిగిలేది.

పగలు, పని మధ్యలో, ఈ రెండూ కుదరవు. అప్పుడు ఉపయోగపడేది చిన్న ప్రార్థన. నెహెమ్యాను రాజు "ఏమి కావాలి?" అని అడిగినప్పుడు, జవాబు చెప్పేలోపు ఆయన ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశాడు. మోకరించే సమయం లేదు, బహుశా పెదవులు కూడా కదిలి ఉండవు. అయితే ఆ క్షణం ప్రార్థన వెనక సుమారు నాలుగు నెలల ముందు మొదలైన ఉపవాసం, కన్నీళ్లు ఉన్నాయి. యూదుల నెలల్లో కిస్లేవు నుంచి నీసాను దాకా. అందుకే చిన్న ప్రార్థన ఒక్కటే సరిపోతుందనేవాళ్లతో నేను ఏకీభవించను. గంటగంటకు ఫోన్లో అలారం పెట్టుకుని కూడా చూశాను, వారానికల్లా అది మోగగానే చూడకుండా ఆపేసే అలవాటు వచ్చింది. దానికన్నా పొద్దున చదివిన వచనాన్నే ప్రార్థనగా మార్చి, తలుపు తెరిచినప్పుడల్లా, ఎవరిమీదైనా కోపం వచ్చినప్పుడల్లా పలుక్కోవడం నిలబడింది.

సంఘానికి వెళ్లి వినడమా, ఇంట్లో ఫోన్లో వినడమా అన్నదానికి నా దగ్గర పెద్ద చర్చ లేదు. వెళ్లగలిగినవాళ్లు వెళ్లాలి. పక్కన కూర్చున్నవాళ్లతో కలిసి పాడటం, ప్రభువు బల్ల, మన ముఖం చూసి "ఏమైంది?" అని అడిగే కాపరి ఫోన్లో దొరకరు.

కాబట్టి రోజుకు ఇరవై నిమిషాలే ఉన్నవాళ్లు ఏది ఎంచుకోవాలని నన్నడిగితే, సొంతంగా చదువుకోవడమే అంటాను. ప్రసంగం వారానికి ఒకటి చాలు, కానీ అది నోట్‌బుక్ పెట్టుకుని, వేరే పని లేకుండా వినాలి. తర్వాత సోమవారం నుంచి శనివారం దాకా అదే భాగాన్ని కొంచెం కొంచెంగా మీరే చదవండి. బెరయ అనే పట్టణంవాళ్లు చేసింది ఇంచుమించు ఇదే. పౌలు చెప్పింది ఆసక్తితో విన్నారు, "ఆలాగున్నవో లేవో" అని ప్రతిదినమూ లేఖనాలు పరిశోధించారు. పౌలంతటివాడు చెప్పినా మళ్లీ తెరిచి చూసుకున్నందుకు అపొస్తలుల కార్యములు వాళ్లను ఘనులంటుంది.

ఇది అందరికీ వర్తించదు. కొత్తగా నమ్మినవాళ్లకు లేవీయకాండం ఒంటరిగా చదవమనడం బరువే, వాళ్లకు మొదట మంచి బోధ ఎక్కువ కావాలి. ఆత్మీయులను పోగొట్టుకున్నవాళ్లకు అక్షరాలమీద కళ్లు పరిగెడతాయి గానీ ఏమీ లోపలికి వెళ్లదు. అలాంటప్పుడు ఒక మనిషి గొంతు కావాలి. చదువు రానివాళ్లు, చూపు ఆననివాళ్లు ఉన్నారు.

మా అమ్మ ఈ చివరి వరుసలో మనిషి. ఇప్పుడు అక్షరాలు కనబడవు, ఫోన్లో కీర్తనలు వింటుంది. వినే తీరు మాత్రం నాలా కాదు. ఒక వచనం రాగానే బొటనవేలితో తెర మీద తడిమి ఆపేస్తుంది. ఆ మాటను మెల్లగా రెండుసార్లు, మూడుసార్లు పైకి అనుకుంటుంది. ఆ గొణుగుడు పక్క గదిలోకి వినబడుతుంది. కాసేపు మాట ఉండదు, తర్వాత మళ్లీ నొక్కుతుంది. హాగా అనే మాటకు అర్థం నేను పుస్తకాల్లో వెతుకుతున్న రోజుల్లో కూడా ఈ చప్పుడు ఇంట్లోనే ఉంది. నిన్న పొద్దున 121వ కీర్తన మొదలుపెట్టింది. ఎనిమిది వచనాలే. ఇవాళ సాయంత్రానికి అయిదో వచనం దగ్గర ఉంది: "యెహోవాయే నిన్ను కాపాడువాడు."