ఇథనాల్‌కు చెరకా, మొక్కజొన్నా?

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపింది. 2021లో నీతి ఆయోగ్ నిపుణుల సంఘం అందుకు మార్గసూచిక ఇచ్చింది. మరి ఆ ఇథనాల్ ఏ పంట నుంచి రావాలి?

నీరు: చెరకు దాదాపు ఏడాది పొలంలో ఉంటుంది. ఆ సంఘం లెక్కలోనే చెరకు నుంచి తీసే లీటరు ఇథనాల్‌కు సుమారు 2,860 లీటర్ల నీరు కావాలి. బోర్లు ఎండిపోతున్న చోట ఈ లెక్క నాకు మింగుడుపడదు. మొక్కజొన్న నాలుగు నెలల్లో చేతికొస్తుంది, వానాధారంగానూ పండుతుంది.

దిగుబడి: టన్ను చెరకుకు 70 లీటర్లు, టన్ను మొక్కజొన్నకు 380 దాకా.

ధర: 2023-24లో చెరకు రసం ఇథనాల్ లీటరు రూ.65.61, మొక్కజొన్నది రూ.71.86.

ముప్పు: చక్కెర తగ్గుతుందన్న భయంతో 2023 డిసెంబరులో చెరకు రసం వాడకంపై కేంద్రం ఆంక్షలు పెట్టింది. 2024 ఆగస్టులో ఎత్తేసింది. యంత్రాలపై పెట్టుబడి పెట్టిన మిల్లుకు ఇలాంటి ఆంక్షలు పెద్ద దెబ్బ. మొక్కజొన్నకు పోటీ కోళ్ల మేత. గింజ డిస్టిలరీకి మళ్లితే తెలుగు రాష్ట్రాల కోళ్ల రైతులకు మేత ఖర్చు పెరుగుతుంది. మిగిలిన పిప్పి దాణాగా తిరిగొచ్చినా గింజకు పూర్తి బదులు కాదు.

కాలువ నీరు, దగ్గరలో మిల్లు ఉన్నచోట చెరకు సరే, అదీ ముందు మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) నుంచి ఇథనాల్ తీస్తేనే. మెట్ట పొలాలకు మొక్కజొన్న మేలు. మేత కొరత ఏడాదిలో మాత్రం పాడైన ధాన్యాన్నే ముందు వాడాలి.