ఓపెన్‌ఎల్‌పీ: పాట మాటలు తెర మీద వేసేవాళ్లకు మంచి తోడు

మా వర్షిప్ టీమ్‌లో నాది స్టేజీ మీద స్థానం కాదు. హాలు వెనక సౌండ్ మిక్సర్ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్‌లోంచి పాటల మాటలు తెర మీద వేస్తాను. ఈ పనికి చాలాకాలం పవర్‌పాయింట్ వాడాం, ఇప్పుడు ఓపెన్‌ఎల్‌పీ వాడుతున్నాం. చర్చిల కోసమే వాలంటీర్లు తయారు చేస్తున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలో నడుస్తుంది. ప్రొజెక్టర్ కొనడానికే కానుకలు పోగుచేసుకున్న మాలాంటి సంఘానికి ఏటేటా చందా కట్టనక్కర్లేకపోవడం పెద్ద సాయం.

ఈ పనిలో కష్టమంతా సమయంలోనే ఉంది. జనం ఒక చరణం చివరి మాట మీద ఉండగానే తర్వాతి స్లైడ్ రావాలి. వాళ్లు ఊపిరి తీసుకునేసరికి కొత్త మాట కళ్లముందు ఉండాలి. కాస్త ఆలస్యమైతే సగంమంది పాడటం ఆపేసి తెర వైపు చూస్తారు. అందుకే స్లైడ్లు మార్చే మనిషికి పాట వచ్చి ఉండాలి, లోపల తనూ పాడుతూ ఉండాలి.

పవర్‌పాయింట్‌లో స్లైడ్లు ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్తాయి. మన ఆరాధన అలా వెళ్లదు. పాడించే అన్న రెండో చరణం అయ్యాక మూడోదానికి పోకుండా అనుపల్లవి దగ్గరే ఆగిపోవచ్చు, ప్రార్థన చేసి మళ్లీ మొదటి చరణం ఎత్తుకోవచ్చు. ఓపెన్‌ఎల్‌పీలో పాటను భాగాలుగా ఎక్కిస్తాం. పల్లవిని కోరస్‌గా, చరణాలను వర్స్‌లుగా, అనుపల్లవిని ప్రీ-కోరస్‌గా పెట్టాను. 'వర్స్ ఆర్డర్' గడిలో సీ1 వీ1 సీ1 వీ2 సీ1 అని ఒక్కసారి రాస్తే ప్రతి చరణం తర్వాత పల్లవి దానంతటదే వస్తుంది. పాట దారి మార్చుకుంటే కీబోర్డు మీద వీ, దాని వెంటనే 2 నొక్కితే రెండో చరణానికి, సీ నొక్కితే పల్లవికి వెళ్లిపోవచ్చు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంకో మంచి ఏర్పాటు, ప్రివ్యూ వేరుగా, లైవ్ వేరుగా ఉండటం. తెర మీద ఒక పాట నడుస్తుండగానే తర్వాతి పాటను పక్క గడిలో తెరిచి చూసుకోవచ్చు. జనానికి ఏమీ కనబడదు. పాస్టర్ గారు అనుకోకుండా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక నంబరు చెప్పి అందుకుంటారు. ఆ పుస్తకాన్ని 'సాంగ్ బుక్'గా చేర్చి ప్రతి కీర్తనకు దాని నంబరు ఇచ్చుకుంటే నంబరుతోనే వెతకొచ్చు. మిగతా పాటలకు 'ఆల్టర్నేట్ టైటిల్' గడిలో మొదటి మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిపెట్టాను. ఆరాధన మధ్యలో కీబోర్డును తెలుగులోకి మార్చి టైప్ చేయడం టెన్షన్.

పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు 'స్టేజ్ వ్యూ' ఉంది. అదే వైఫైలో ఉన్న ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో బ్రౌజర్ తెరిచి, ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ చివర :4316/stage అని కొడితే ఇప్పటి మాటలు, వాటి కింద తర్వాతి మాటలు కనిపిస్తాయి. మా కోరస్ పాడే అక్కలు ఇప్పుడు వెనక్కి తిరిగి తెర చూడనక్కర్లేదు, జనం వైపే చూస్తూ పాడుతున్నారు.

తెలుగు విషయంలో మాత్రం ముందు పని చాలా ఉంది. పాటలు ఎవరూ సిద్ధంగా ఇవ్వరు, మనమే ఎక్కించుకోవాలి. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న పాటలు నేరుగా అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చి తీరాలి. మార్చాక ఒత్తులు, సున్నాలు ఒక్కొక్కటీ సరిచూడాలి. దేవుని పేరు పక్కన తప్పు అక్షరం పడితే నాకు మనసొప్పదు. ఫాంట్‌గా మండలి బాగుంది. రామభద్ర చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ వెనక వరసల్లోని పెద్దవాళ్లకు ఒత్తులు కలిసిపోయి కనిపిస్తున్నాయని మానేశాం. థీమ్‌లో లైన్ స్పేసింగ్ పెంచుకోండి, లేకపోతే ఒక వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు చాలు. కదిలే మేఘాలు, జలపాతాలు మేం పెట్టం. పాత కీర్తనల్లో పాదాలు పొడుగు. వాటిని స్లైడ్‌కు రెండు పాదాల చొప్పున విడగొట్టుకుంటే మాట మధ్యలో తెగదు. ఎక్కడ విరవాలో మాత్రం పాడేవాళ్లను అడిగి పెట్టుకోండి.

'ఊరికే స్లైడ్లు మార్చడానికి ఇంత ఎందుకమ్మా' అని అడిగేవాళ్లున్నారు. దినవృత్తాంతములు మొదటి గ్రంథం 23వ అధ్యాయంలో దావీదు రాజు మందిర సేవ చేసే లేవీయులను పనులకు పంచాడు. వాయిద్యాలతో స్తుతించడానికి 4,000 మంది, ద్వారాల దగ్గర ఉండటానికి కూడా 4,000 మంది. లెక్కలో తేడా పెట్టలేదు. ఆ లేవీయుల్లోని గాయకులైన కోరహు కుమారుల 84వ కీర్తనలోనూ మందిరపు ద్వారం దగ్గర ఉండటమే ఇష్టమని పాడారు. నా కుర్చీ కూడా అలాంటి చోటే ఉందని నమ్ముతాను కాబట్టే శనివారం ప్రాక్టీసుకు పాడేవాళ్లతో పాటే వెళ్తాను. వాళ్లు ఏ చరణం వదిలేస్తున్నారో, ఎక్కడ రెండుసార్లు పాడుతున్నారో ఆ రోజే వర్స్ ఆర్డర్‌లో దిద్దుకుంటాను.

పాటలు కొన్నే ఉండి, ప్రతివారం అవే పాడే చిన్న సంఘమైతే పవర్‌పాయింట్‌తోనే సరిపోతుంది. పాటలు వందల్లో ఉండి, పాడించేవాళ్లు మారుతూ ఉంటే దీనికి మారండి. పాటలన్నీ ఓపెన్‌లిరిక్స్ అనే, పాటల మాటల కోసమే ఉన్న ఫార్మాట్‌లో ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ అవుతాయి. మేం ఎక్కించినవాటిని అలాగే పెన్‌డ్రైవ్‌లో పక్క ఊరి సంఘానికి ఇచ్చాం. అక్కడ ఇంటర్ చదివే ఒక చెల్లి ఈ పనికి ముందుకొచ్చింది. తమ ఊళ్లో పాడుకునే పాటలు తనూ ఎక్కిస్తోంది, పూర్తయ్యాక వాటిని మాకు పంపుతానంది.